చెప్పుకోదగ్గ చెప్పులు

మా మిచిగన్ లో ఉగాది పండక్కి వేపపువ్వు ఫ్రీజర్ లోంచి వస్తుంది, మంచు మాత్రం తాజాగా వుంటుంది. హైస్కూలు ఆడిటోరియం పార్కింగ్ లాట్ లో కారు దిగి, కంచిపట్టు చీర కుచ్చిళ్ళు చీలమండ పైదాకా ఎత్తిపట్టుకుని, కాళ్ళకి స్నో బూట్లు, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ వేసుకుని గబగబా నడిచే మన ఆడవాళ్ళని మీరు చూసే వుంటారు. ఆ సంచీలో ఏమున్నాయో వేరే చెప్పాలా? లోపల లాబీలో గోడవారగా కూర్చుని బూట్లు విప్పి, సాండల్స్ తగిలించుకుని, కుచ్చిళ్ళు వదిలి లేచి నిలబడతారు. అప్పుడు మొదలవుతుంది పండగ. మా వారి ఉద్దేశంలో స్టేజి మీద జరిగే కార్యక్రమాలన్నింటికంటే ఈ పది నిముషాల కార్యక్రమమే బాగుంటుంది. ఎవరూ రిహార్సల్సు వెయ్యరు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

ఇంత అవస్థ ఎందుకూ అంటే, కారణం వుంది. చీర కట్టుకునేటప్పుడే ఆ పూట వేసుకోబోయే హీల్ ఎత్తు చూసుకుని కడతాం. మూడంగుళాల హీల్ కి కట్టిన చీర, చదును చెప్పు వేసుకుంటే నేల వూడుస్తుంది. కాబట్టి ఫలహారాల లైన్లో మోకాళ్ళు పీకుతున్నా సరే, ఆ చెప్పులు విప్పడానికి వీల్లేదు. అంటే చీర పొడుగుని నిర్ణయించేది కూడా చెప్పేనన్నమాట!

నేను వృత్తిరీత్యా ఎండోక్రినాలజిస్టుని. తేలికమాటల్లో షుగరు డాక్టర్ని. పళ్ళ డాక్టరు కనబడితే పిల్లలు చాక్లెట్టు దాచుకున్నట్టు, నన్ను చూడగానే మన ఆడవాళ్ళు కుర్చీ కిందకి కాళ్ళు లాక్కుంటారు. తప్పు వాళ్ళది కాదు. పదిహేనేళ్ళపాటు ఎక్కడ కనిపిస్తే అక్కడ చెప్పుల మీద క్లాసు పీకాను. "ఆ మునివేళ్ళ మీద అంత బరువు వేస్తే ఎలాగండీ? ఆ సన్నటి మూతిలో అయిదు వేళ్ళూ ఎలా పడతాయనుకున్నారు?" అని. ఒక్కో పాదంలో ఇరవై ఆరు ఎముకలుంటాయని అడగనివాళ్ళకి కూడా చెప్పాను. ఫాషను ఒక పక్క, ఆరోగ్యం ఒక పక్క వున్నాయనీ, నేను ఆరోగ్యం పక్షాన వున్నాననీ నా నమ్మకం. ఆ నమ్మకం సగం తప్పని ఒప్పుకోవడానికే సావనీరు కమిటీ వారిని ఈ నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం. అందంగా లేని చెప్పు మంచి చెప్పు కాదు. ఇది సరదాకి అంటున్న మాట కాదు, డాక్టరుగా అంటున్నాను.

మార్చిలో, ఇంకా బయట మంచు కరక్కముందే, ఇక్కడి షాపుల్లోకి వేసవి సాండల్స్ వచ్చేస్తాయి. ఏటా ఏదో ఒక కొత్త వింత. మా గుడి చెప్పుల స్టాండు దగ్గర అయిదు నిముషాలు నిలబడితే చాలు, అమెరికా ఫాషను పత్రికలు కొనక్కర్లేదు. 2008 ప్రాంతంలో గ్లాడియేటర్ సాండల్స్ వచ్చాయి, రోమను సైనికుల్లాగ పిక్కలదాకా పట్టీలూ బకిల్సూ. హారతి అయిపోతోంది లోపల, బయట మన అమ్మాయిలు ఇంకా పట్టీలు విప్పుకుంటూనే వున్నారు. ఆ ఫాషను మన గుళ్ళలో ఎక్కువకాలం నిలవకపోవడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. చెప్పులు రోజుకి పదిసార్లు విప్పే జాతి మనది.

ఇక రబ్బరు చెప్పు సంగతి. మన చిన్నప్పటి హవాయి చెప్పు, నీలం పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి ఇంకో ఆర్నెల్లు లాగించిన చెప్పు, ఇక్కడ ఫ్లిప్ ఫ్లాప్ పేరుతో రాజభోగం అనుభవించింది. జపానువారి గడ్డి చెప్పు 'జోరి'ని చూసి 1962లో బ్రెజిల్ వాళ్ళు హవాయానాస్ పేరుతో రబ్బరులో చేశారు. దాని అడుగున బియ్యపుగింజల్లాంటి గరుకుతనం వుంటుంది, ఆ గడ్డి చెప్పుకి గుర్తుగా. 2005లో నార్త్ వెస్టర్న్ యూనివర్సిటీ లక్రాస్ జట్టు అమ్మాయిలు వైట్ హౌస్ కి వెళ్ళి ప్రెసిడెంటుతో ఫొటో దిగినప్పుడు, ముందు వరసలో కొందరు ఫ్లిప్ ఫ్లాప్స్ వేసుకున్నారని దేశమంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు నాకు కాస్త సంతోషం వేసిన మాట నిజం. చెప్పుల గురించి పెద్దవాళ్ళు పిల్లల్ని తిట్టడం మన ఒక్కళ్ళ సొత్తు కాదన్నమాట.

కానీ నా మనసు మార్చిన వాడు సాల్వతోరె ఫెర్రగామో. ఆయన 1898లో ఇటలీలో బొనితో అనే పల్లెలో పుట్టాడు, పద్నాలుగు మంది పిల్లల్లో పదకొండోవాడు. ఆ వూళ్ళో చెప్పులు కుట్టడమంటే తలవంపులే. ఇంట్లోవాళ్ళు వద్దన్నారని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ మాట చదివినప్పుడు మీకు ఏమి గుర్తుకొస్తుందో నాకూ అదే గుర్తుకొచ్చింది. దానిదగ్గరకి మళ్ళీ వస్తాను. కుర్రతనంలోనే అమెరికా వచ్చి హాలీవుడ్ సినిమాలకి చెప్పులు చేశాడు. అందంగా చేసినవి కాళ్ళని నొప్పి పెడుతున్నాయేమిటని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణ శాస్త్రం పాఠాలు విన్నాడు. పనివాడంటే వాడండీ! మనలో ఎంతమంది డాక్టర్లం చెప్పు ఎలా కుడతారో తెలుసుకోడానికి ఒక గంట వెచ్చించాం?

1927లో ఇటలీ తిరిగి వెళ్ళి ఫ్లారెన్సులో దుకాణం పెట్టాడు. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తితే నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. హీల్ వున్న చెప్పుకి పాదం వంపు కింద ఒక ఉక్కు బద్ద వుంటుంది, అది లేకపోతే చెప్పు మధ్యకి విరుగుతుంది. మంచి ఉక్కు దొరకలేదు. మరేం చేశాడు? మడమకీ మునివేళ్ళకీ మధ్య వున్న ఆ ఖాళీని సీసా బిరడాలకి వాడే కార్కు బెరడుతో మొత్తం పూడ్చేశాడు. ఇవాళ మనం 'వెడ్జ్' అనే చెప్పు అలా పుట్టింది. ఎత్తు ఎత్తే, బరువు మాత్రం పాదమంతా సర్దుకుంటుంది. 1938లో జూడీ గార్లండ్ కోసం అదే కార్కుని పొరలు పొరలుగా పేర్చి, ఒక్కో పొరకీ ఒక్కో రంగు తోలు తొడిగి, ఇంద్రధనుస్సు లాంటి సాండల్ చేశాడు. దాని బొమ్మ చూడండి, ఎనభై ఏళ్ళు దాటినా నిన్న మాల్ లో చూసినట్టే వుంటుంది. యుద్ధకాలంలో తోలు కరువైతే మిఠాయిలకి చుట్టే సెల్లోఫేన్ కాయితంతో పట్టీలు అల్లాడు. 1947లో చేపలు పట్టే నైలాను దారంతో 'కనిపించని సాండల్' చేశాడు, పాదం గాలిలో నిలబడ్డట్టు వుంటుంది.

ఉక్కు లేకపోవడం, తోలు లేకపోవడం, ఎదురుగా ఒక మనిషి పాదం వుండడం. చెప్పుల్లో నిజమైన కొత్తదనం ఎప్పుడూ వీటిలోంచే వచ్చింది. 2017లో పారిస్ లో ఒక ఫాషన్ షోలో క్రాక్స్ చెప్పుకి అరచేయంత మందం అడుగు వేసి నడిపించారు చూశారూ, దాన్ని నేను కొత్తదనం అనను. అది జోకు. మడమ తిరిగితే జోకు కూడా కాదు.

ఇంకొక ఉదాహరణ. జర్మనీవాళ్ళ బిర్కెన్ స్టాక్ సాండల్. 1963లో వ్యాయామం కోసమని చేసిన చెప్పు అది. మార్గట్ ఫ్రేజర్ అనే ఆవిడ, జర్మనీలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన దుస్తుల కుట్టుపనావిడ, కాళ్ళనొప్పులతో బాధపడుతూ 1966లో జర్మనీ వెళ్ళినప్పుడు అది వేసుకుని, నొప్పి తగ్గి, అమెరికాలో అమ్మాలని తెచ్చింది. చెప్పుల షాపులవాళ్ళు "ఇంత అసహ్యంగా వున్నాయి, ఏ ఆడది వేసుకుంటుంది?" అని గెంటేశారు. చివరికి ముడిబియ్యం, గింజలు అమ్మే హెల్త్ ఫుడ్ దుకాణాల్లో పెట్టి అమ్మింది. అదే చెప్పు 1990లో కేట్ మాస్ అనే మోడల్ కాళ్ళకి పత్రికలో కనిపించింది, 2012లో పారిస్ లో బొచ్చు లోపల వేసి రాంప్ మీద నడిచింది, 2023లో బార్బీ సినిమాలో గులాబీరంగులో వచ్చింది, ఆ ఏడే కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ఎక్కింది. చెప్పు మారలేదు. చూసే కళ్ళు మారాయి. కళ్ళు మారడానికి యాభై ఏళ్ళు పట్టింది. నా పేషెంట్లకి అంత టైము వుండదు, అదీ చిక్కు.

ఇక మా ఇంటి కథ. ఇది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. అమ్మే రాయమంది.

2018 వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరకి వచ్చారు. అమ్మకి షుగరు పద్దెనిమిదేళ్ళుగా వుంది, పాదాల్లో స్పర్శ అప్పటికే తగ్గింది. ఇక్కడ షుగరు వున్నవాళ్ళ కోసం ప్రత్యేకమైన బూట్లున్నాయి, వెడల్పుగా, లోతుగా, లోపల మెత్తటి అడుగులతో. 1993 నుంచి మెడికేర్ అర్హులైన వాళ్ళకి ఏడాదికో జత ఇస్తోంది. ఆ కాయితం మీద సంతకం పెట్టేది నాలాంటివాళ్ళమే. అమ్మకి మెడికేర్ లేదు కాబట్టి నేనే కొన్నాను. నల్లవి. ఆవిడ వాటికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, "ఏమే, పోలీసు బూట్లు తెచ్చావేమిటే? చీర మీద ఇవేసుకుని నలుగురిలోకి ఎలా వస్తానే?" అంది. నేను పాఠం మొదలెట్టాను. ఆవిడ విని, "అలాగేలేవే" అంది. ఇంట్లో నాలుగు రోజులు వేసుకుంది. ఆదివారం గుడికి మాత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో కొనుక్కున్న బంగారురంగు పట్టీల చెప్పులు వేసుకుంది. వేలి సందున దూరే పట్టీ వున్నవి.

ఆవిడ చెప్పని సంగతి ఇంకోటుంది. మెట్టెలు. నాన్నగారు పక్కన వుండగా ఆవిడ మెట్టెలు తియ్యదు, ఇది నాకు తెలియంది కాదు. ఆ మూసిన బూటులో మెట్టె పక్కవేలిని ఒరుసుకుంటుంది. ఆ బూటు చేసినవాడి ఊహలో కాలివేళ్ళకి వెండి వుంగరాలు పెట్టుకునే మనిషి లేనే లేదు. రాసిన డాక్టరు ఊహలో వుండాలి కదా? ఆ డాక్టరు కాలికి కూడా మెట్టెలున్నాయి!

ఆ గుడికి వెళ్ళిన రోజు పట్టీ ఒరుసుకుని వేలి సందున చిన్న బొబ్బ వచ్చింది. నొప్పి తెలియదు కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. పది రోజులు అదే చెప్పుతో వియ్యాలవారింటికీ, బేబీ షవర్లకీ తిరిగింది. ఆస్పత్రిలో రోజూ ఇరవై మంది పాదాలు బోర్లించి చూసేదాన్ని, ఇంట్లో ఒక్క జత పాదాలు చూడలేదు. వాసన వచ్చాక చూశాను. ఎముకదాకా పోయింది. ఎడమకాలి రెండో వేలు తీసేశారు. విజిటర్ ఇన్సూరెన్సువారు ముందునుంచీ వున్న జబ్బని చేతులెత్తేశారు, అది వేరే వ్యాసం.

ఆస్పత్రి మంచం మీద అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఆ నల్లబూట్లు వేసుకుంటే ఇది రాకపోను కదే?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అది పూర్తి సమాధానం కాదనిపించింది. బీరువాలో వున్న బూటు ఎవరి కాలినీ కాపాడదు. నేను సంతకాలు పెట్టిన బూట్లు ఎన్ని ఇళ్ళల్లో కొత్తగానే పడివున్నాయో! ఆడవాళ్ళు వేసుకోనిదాన్ని రాసిచ్చి, వేసుకోలేదని వాళ్ళని తిట్టి, నా పని అయిపోయిందనుకున్నాను. మందు చేదుగా వుంటే పిల్లలు ఉమ్మేస్తారని తీపి కలుపుతాం. చెప్పు విషయంలో మాత్రం ఎవరూ తీపి కలపలేదు.

తరవాతి కథ ఇండియాలో జరిగింది. మీలో మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్ళకి ఎం.సి.ఆర్. చెప్పులు తెలుసు. మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరు అడుగు, గట్టి అట్ట, మేకులు వుండవు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1946లో చేరిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్టురోగుల పాదాల పుళ్ళు ఆ క్రిమివల్ల కాదు, స్పర్శ లేని పాదం మీద ఒత్తిడివల్ల వస్తున్నాయని గ్రహించి, తన సహచరులతో కలిసి ఇలాంటి చెప్పుల మీద ఏళ్ళతరబడి పనిచేశాడు. 1966లో ఆయన అమెరికాలో లూజియానా రాష్ట్రం కార్విల్ ఆస్పత్రికి వచ్చాడు. ఇవాళ ఈ దేశంలో షుగరు రోగుల పాదాలకి చేసే సేవలో చాలా భాగం అక్కడ నేర్చుకున్నదే. అంటే మనదేశపు చెప్పుల దగ్గర నేర్చిన పాఠం సముద్రాలు దాటి వచ్చి నల్లబూటై మా ఇంట్లో కూర్చుంది, మా అమ్మ గుర్తుపట్టలేదు!

ఇండియా వెళ్ళాక అమ్మకి ఆస్పత్రిలో ఎం.సి.ఆర్. చెప్పులిచ్చారు. చూడగానే జబ్బు చెప్పులని తెలిసిపోయేవి. అమ్మ వాటిని సంచీలో పెట్టుకుని మా వూళ్ళో బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే ఆయన దగ్గరకి వెళ్ళింది. ఆయన ముందుగా అడిగింది, "మెట్టెలు తీస్తారామ్మా, తియ్యరా?" అని. చూశారా! పదిహేనేళ్ళ చదువులో నేను అడగని ప్రశ్న. తియ్యనంది. అయితే మెట్టెతోనే కొలత తీశాడు. వేలి సందు పట్టీ తీసేసి ముందు వెడల్పాటి పట్టీ, వెనక మడమ పట్టీ, వాపు వస్తే వదులు చేసుకోడానికి వెల్క్రో. అమ్మ తన పాత ధర్మవరం చీర జరీ అంచు ఇచ్చింది. దాన్ని వెల్క్రో మీద కప్పి, అంచులు ఒరుసుకోకుండా లోపలికి మడిచి కుట్టాడు. పుండు వచ్చేచోటు ఏదో చూపించమని అక్కడ రబ్బరు కాస్త గుల్ల చేశాడు. నాకు ఫొటో పంపితే, మా ఆస్పత్రి పాదాల డాక్టరుకి చూపించాను. "ఏ డిజైనర్ చేశాడు?" అన్నాడు.

నేను మళ్ళీ వస్తానన్న చోటికి ఇప్పుడు వచ్చాను. నా చిన్నప్పుడు, అంటే ఎనభైల చివర్లో, మా తాతగారికి కిర్రు చెప్పులు కుట్టే ఆయన మా ఇంటికొచ్చేవాడు. అరుగు కిందే నిలబడేవాడు. తాతగారి పాదం కొలత గడ్డిపరకతో తీసేవాడు. ఆయన కుట్టిన చెప్పు లోపలి గది గుమ్మందాకా వచ్చేది, ఆయన అరుగు ఎక్కేవాడు కాదు. కొన్ని వూళ్ళల్లో పెద్దల వీధిలోంచి వెళ్ళేటప్పుడు చెప్పులు కుట్టినవాళ్ళే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సివచ్చేది. ఈ సంగతి మనం సావనీర్లలో రాసుకునే పల్లెటూరి జ్ఞాపకాల్లో కనబడదు. తాతగారి చెప్పుల కిర్రుమనే చప్పుడు ఒక్కటే రాసుకుంటాం.

2025 జూన్ లో మిలాన్ లో ప్రాడా వాళ్ళు కొల్హాపురి చెప్పులాంటిదే రాంప్ మీద నడిపించి, ఎక్కడిదో చెప్పకపోతే మనందరికీ కోపం వచ్చింది. నాకూ వచ్చింది. కొల్హాపురికి మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాలకి కలిపి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వుంది. తరవాత వాళ్ళు మూలం ఒప్పుకున్నారు, ఆ డిసెంబరులో ఆ రెండు రాష్ట్రాల సంస్థలతో ఒప్పందం చేసుకుని, అక్కడి పనివాళ్ళ చేత 2000 జతలు చేయించి జత సుమారు 800 యూరోలకి అమ్ముతామన్నారు. మంచిదే. కానీ ఆ కోపంతో వాట్సాప్ లో ఫార్వర్డ్ చేసిన మనలో ఎంతమంది కొల్హాపురి చెప్పు కుట్టేవాళ్ళతో రోడ్డు మీద బేరమాడకుండా కొన్నాం? నేను ఆడాను. యాభై రూపాయలు తగ్గించాడని సంతోషించాను కూడా.

సంఘం వారికి నాదొక మనవి. ప్రతి పండక్కీ ఉచిత వైద్య శిబిరం పెడుతున్నాం. బీపీ చూస్తాం, వేలికి సూది గుచ్చి షుగరు చూస్తాం, ఎవరినీ చెప్పులు విప్పమనం. రెండు కుర్చీలు, ఒక తెర ఇప్పించండి, వచ్చే సంవత్సరాదికి నేను కూర్చుంటాను. స్పర్శ చూడ్డానికి సన్నటి నైలాను పోగు చాలు, ఒక్కొక్కరికీ మూడు నిముషాలు. ఇంకోటి. ప్రతి ఏడూ పిల్లలకి ఫాషన్ షో పెడతారు కదా, ఈసారి అరవై దాటిన పిన్నిగార్లకీ అత్తయ్యగార్లకీ పెట్టండి, చెప్పులకి. నగలు చూడం, కాళ్ళే చూస్తాం. సాయంత్రమంతా వేసుకుని తిరిగినా ఒరుసుకోని, చీర మీదకి నప్పే సాండల్ కి బహుమతి ఇవ్వండి. మీ పిల్లల్లో డిజైను చదివేవాళ్ళుంటే వాళ్ళని జడ్జీలుగా కూర్చోబెట్టకండి, మా కాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. నడివయసు ఆడవాళ్ళు హీల్ వేసుకోకూడదని కూడా నేను ఇంక అనను. వెడ్జ్ వేసుకోండి, రంగులేసుకోండి, ఫెర్రగామో చేసిన ఇంద్రధనుస్సు లాంటిది దొరికితే నాకూ ఒక జత చూడండి. షుగరు వుండి స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం ముందు నాకు పాదం చూపించి, తరవాత షాపుకి వెళ్ళండి.

అమ్మ ఈ జూన్ లో మళ్ళీ వస్తోంది. ఎడమకాలి మెట్టె ఇప్పుడు మూడో వేలికి పెట్టుకుంటోంది. కిందటిసారి వచ్చినప్పుడు గుళ్ళో ఆవిడ జరీ అంచు చెప్పులు చూసి నలుగురు ఎక్కడ కొన్నారని అడిగారు. ఆయన చేత తలో జతా చేయించి తెస్తానంది. ఆయన చెప్పిన ధర ఆయనదే, బేరం లేదు. ఇంకెవరికైనా కావలిస్తే రెండు పాదాలూ విడివిడిగా తెల్లకాయితం మీద, సాయంత్రంపూట, నిలబడి గీయించుకుని మే మొదటివారం లోపల నాకు అందజెయ్యండి. మెట్టెలు పెట్టుకునేవాళ్ళు మెట్టెలతోనే గీయించుకోండి. చీర అంచు మీరే ఇచ్చుకోవాలి.